తుంటి విరిగిన వృద్ధురాలి సంరక్షణ: లెవీన్ పరిరక్షణ సిద్ధాంతం చెప్పేదేమిటి

తుంటి ఎముక విరిగిన వృద్ధులకు శస్త్రచికిత్స చేసి రాడ్ వేయడం గానీ, కీలు మార్చడం గానీ వరంగల్ లాంటి నగరంలో ఇప్పుడు అరుదైన సంగతి కాదు. ఆపరేషన్ థియేటర్‌లో పని గంటా రెండు గంటల్లో ముగుస్తుంది. ఆ తర్వాత మనిషి లేచి నడుస్తారా, మంచాన పడతారా అన్నది మాత్రం వార్డులో గడిచే రోజుల మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. నడుము కింద పుండు పడటం, ఊపిరితిత్తులకు నెమ్ము చేరడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఎముకకు చేసిన మరమ్మతు అక్కరకు రాకుండా పోవచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కో జాగ్రత్త నర్సింగ్ పుస్తకాల్లో ఉంది, కేస్ షీట్‌లో దానికో గడి కూడా ఉంటుంది. అయినా రోగి పరిస్థితి దిగజారుతూ ఉంటుంది. ఎందుకంటే ఒక గడిలో రాసిన సమస్యకు కారణం తరచూ మరో గడిలో ఉంటుంది. అమెరికా నర్సింగ్ ఆచార్యురాలు మైరా లెవీన్ ప్రతిపాదించిన పరిరక్షణ సిద్ధాంతం వృద్ధుల విషయంలో పనికొచ్చేది సరిగ్గా ఈ చోటనే.

లెవీన్ 1920లో షికాగోలో పుట్టారు. తండ్రి ఏళ్ల తరబడి జీర్ణకోశ వ్యాధితో బాధపడటం చూస్తూ పెరిగిన ఆమె, 1944లో అదే నగరంలోని కుక్ కౌంటీ నర్సింగ్ పాఠశాల నుంచి డిప్లొమా పొందారు. నాలుగు పరిరక్షణ సూత్రాలను 1967లో ఒక వ్యాసంగా ప్రకటించి, 1969లో వచ్చిన తన పాఠ్యపుస్తకంలో విస్తరించారు. సిద్ధాంతకర్త అనిపించుకోవాలన్న ఉద్దేశం ఆమెకు లేదు. రోగాల వారీగా, పనుల వారీగా ముక్కలై ఉన్న నర్సింగ్ బోధనకు ఒక వరుస కావాలనుకున్నారు, అంతే. ఆమె చెప్పిన నాలుగు సూత్రాలు ఇవి: రోగికి ఉన్న శక్తిని కాపాడటం, శరీర నిర్మాణం చెదరకుండా కాపాడటం, వ్యక్తిగా ఆ మనిషి గౌరవాన్నీ తన మీద తనకున్న అధికారాన్నీ కాపాడటం, కుటుంబంతో సమాజంతో ఉన్న బంధాలను కాపాడటం. నర్సు చేసే ఏ పనైనా ఈ నాలుగింటినీ ఒకేసారి తాకుతుందని, ఒకదాన్ని కాపాడబోయి మరొకదాన్ని దెబ్బతీస్తే మనిషి మొత్తంగా నష్టపోతుందని ఆమె వాదన. వృద్ధాప్యం గురించి ఆమె చేసిన ఆలోచన కూడా ఇక్కడ గుర్తుంచుకోదగ్గది. యువ శరీరంలో ఒక దారి మూసుకుపోతే పనికొచ్చే మారుదారులు ఎన్నో ఉంటాయి. వయసుతో, జబ్బుతో ఆ మారుదారులు ఒక్కొక్కటే తగ్గిపోతాయి. అందుకే ముప్పై ఏళ్ల రోగి తట్టుకోగలిగిన చిన్న పొరపాటు డెబ్బై అయిదేళ్ల రోగిని మంచాన పడేస్తుంది.

ఈ సూత్రాలను పరిశీలించడానికి ఒక కల్పిత రోగిని తీసుకోవచ్చు. ఉత్తర తెలంగాణ వార్డుల్లో పనిచేసేవారికి ఇలాంటి రోగి కొత్త కాదు. నర్సంపేట దగ్గరి పల్లెకు చెందిన 74 ఏళ్ల మహిళ. భర్త లేరు. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, కోడలు ఊళ్లో ఇల్లూ పొలమూ చూసుకుంటుంది, హనుమకొండలో ఉండే కూతురు ఆసుపత్రిలో తోడుగా ఉంది. రోగికి షుగర్, బీపీ చాలా ఏళ్లుగా ఉన్నాయి. తెల్లవారుజామున పెరట్లోని మరుగుదొడ్డికి వెళ్తూ జారిపడింది. ఆర్‌ఎంపీ దగ్గర సూది, ఊళ్లో నూనె మర్దన, పసరు కట్టు అయ్యాక రెండు రోజులకు వరంగల్ చేరింది. ఆపరేషన్ సజావుగా జరిగింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రాకూడదని మర్నాడు ఉదయమే మూత్రపు గొట్టం తీసేశారు. అది సరైన పనే. ఆ సాయంత్రానికి ఆమె మగతగా, నీరసంగా కనిపించింది. ఫిజియోథెరపిస్టు వస్తే కళ్లు మూసుకుంది. కేస్ షీట్‌లో 'ఆహారం తక్కువ, సహకరించడం లేదు' అని రాశారు. మంచం పక్కన పొద్దున కూతురు పెట్టిన లీటరు నీళ్ల సీసా దాదాపు నిండుగానే ఉంది.

రోగిని అంచనా వేసేటప్పుడు నర్సును ఆపి ప్రశ్న అడిగించే వాస్తవాలను వెతకమంటారు లెవీన్. ఆ వాస్తవం నుంచి ఒక ఊహ చేయాలి, ఊహను చేతల్లో పరీక్షించాలి, తప్పయితే మార్చుకోవాలి. 1966లోనే ఈ పద్ధతికి ట్రోఫికాగ్నోసిస్ అనే పేరు పెట్టారు. ఆ పేరు వాడుకలో నిలవలేదు గానీ పద్ధతి మాత్రం నిలిచేదే. ఇక్కడ ప్రశ్న అడిగించే వాస్తవం నిండుగా ఉన్న సీసా. వృద్ధుల్లో దాహం తెలియడం తగ్గుతుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది, కాబట్టి మర్చిపోయి ఉండవచ్చన్నది మొదటి ఊహ. గ్లాసు అందించి చూస్తే ఆమె తల అడ్డంగా తిప్పింది. నర్సు పక్కన కూర్చుని, 'నీళ్లెందుకు తాగుతలేవు పెద్దమ్మా?' అని మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది: 'తాగితే ఒంటికొస్తది బిడ్డా. ఇంతమంది మొగోళ్లు తిరుగుతాంటే ఆ గిన్నె ఎట్ల పెట్టించుకోవాలె?'

గొట్టం ఉన్నంతసేపూ ఆమె నీళ్లు తాగింది. తీసేసిన క్షణం నుంచి మానేసింది. అన్నం మానేయడానికీ కారణం అదే. దీన్ని పోషకాహార సమస్యగా రాస్తే డైటీషియన్‌కు కబురు వెళ్తుంది, సహకార లోపంగా రాస్తే కూతురికి చీవాట్లు పడతాయి. లెవీన్ చెప్పిన వరుసలో చూస్తే దెబ్బ మొదట తగిలింది మూడో సూత్రానికి, అంటే ఆ మనిషి మర్యాదకు. అక్కడి నుంచి అది మిగిలిన మూడింటికీ పాకుతుంది. నీరు తగ్గితే లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, నడక ఆగుతుంది. అది శక్తి నష్టం. మూత్రం చిక్కబడి ఇన్‌ఫెక్షన్‌కు చోటిస్తుంది, మలబద్ధకం వస్తుంది, చర్మం బలహీనపడి పుండు పడే అవకాశం పెరుగుతుంది. అది నిర్మాణ నష్టం. మతి మసకబారితే కూతురితో మాట కూడా తగ్గుతుంది. అది బంధాల నష్టం. వార్డులో ఇలాంటప్పుడు సులువుగా తోచేది సెలైన్. ఇంటివాళ్లు కూడా 'గ్లూకోజ్ ఎక్కించుర్రి, బలమొస్తది' అని అడుగుతారు. నోటితో తాగలేని స్థితిలో సెలైన్ తప్పనిసరి, అందులో వాదన లేదు. కానీ తాగగలిగిన మనిషికి సిగ్గు వల్ల ఆగిన నీటిని సూది ద్వారా ఎక్కిస్తే చేయి స్టాండుకు కట్టుబడిపోతుంది, లేవడం ఇంకా తగ్గుతుంది, మూత్రం ఎలాగూ వస్తుంది, సిగ్గు అలాగే ఉంటుంది.

చేయాల్సింది ఖర్చుతో కూడిన పని కాదు. మంచం చుట్టూ తెర ఉంటే లాగాలి, లేకపోతే దుప్పటినో చీరనో ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుంటే చాలు. ఆ కొద్ది నిమిషాలు పక్క మంచాల దగ్గరి మగవాళ్లను బయటకు పంపమని అడిగే చొరవ నర్సు తీసుకోవాలి. రోగి నోట ఆ మాట రాదు. తుంటి విరిగినవారికి నడుము ఎక్కువ ఎత్తే పనిలేకుండా నడుము కిందికి జరిపే అంచు పలుచగా ఉండే బెడ్‌పాన్ వాడాలి. కూర్చోవడానికి డాక్టర్ అనుమతించగానే కమోడ్ కుర్చీకి మార్చాలి. విజిటర్ల వేళకు ముందే, మళ్లీ పడుకునే ముందు, 'ఒంటికి పోతవా' అని నర్సే అడిగితే ఆమె అడగాల్సిన అవసరం తప్పుతుంది. అప్పుడు సల్ల, పలుచటి అంబలి, నీళ్లు గంటకు కొంత చొప్పున ఇస్తూ ఎంత తాగిందో, ఎంత మూత్రం పోసిందో రాయాలి. గుండె గానీ మూత్రపిండాలు గానీ బలహీనంగా ఉన్నవారికి ఎంత ఇవ్వాలో డాక్టర్‌ను అడగాలి. ఊహ సరైనదా కాదా అన్నది ఒక్కరోజులోనే తేలుతుంది: సీసా ఖాళీ అవుతుంది, మగత వీడుతుంది. వీడకపోతే సోడియం, షుగర్, ఇన్‌ఫెక్షన్ వైపు చూడాలి.

శక్తిని కాపాడటం అనగానే చాలామందికి తోచేది విశ్రాంతి. 'కదలకు, పండుకో' అన్నది మన ఇళ్లలో ప్రేమగా చెప్పే మాట. ఇంత నష్టం చేసే ప్రేమ మరొకటి ఉండదేమో. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీద ఉంచి పరిశీలించిన 2007 నాటి ఒక అధ్యయనంలో వారి కాళ్ల కండ సుమారు ఒక కిలో తగ్గింది. జబ్బు, ఆపరేషన్ తోడైతే నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది. లెవీన్ సూత్రాన్ని ఆధారంగా చేసుకుని క్యాన్సర్ రోగుల నీరసం మీద పనిచేసిన పరిశోధకులు కూడా రోగులకు సూచించింది నడక వ్యాయామాన్నే. ఉన్న శక్తిని అవసరమైన చోట ఖర్చుపెట్టించి, అనవసరమైన చోట ఆపడమే ఈ సూత్రం. తుంటి రోగికి అవసరమైన ఖర్చు నిలబడటం, నాలుగు అడుగులు వేయడం. అనవసరమైన ఖర్చులు వార్డులో కావలసినన్ని ఉంటాయి: నొప్పిని ఓర్చుకోవడం, జ్వరం, నిద్రలేమి, ఒకే పూటలో స్నానం, డ్రెస్సింగ్, రక్త పరీక్ష, ఎక్స్‌రే వరసగా జరిగిపోవడం. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చుచేసే శక్తి 10 నుంచి 13 శాతం పెరుగుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన రోజు స్నానాన్ని తడిగుడ్డతో తుడవడానికి తగ్గించి, మిగిలిన ఓపికను నడకకు దాచాలి. నొప్పి గోలీ ఫిజియోథెరపీకి అరగంటా ముప్పావుగంట ముందు పడితే అదే నడక సగం కష్టంతో అయిపోతుంది. గోలీ ఉదయం ఆరింటికి, నడక పదకొండింటికి అని ఎవరి పట్టిక వారిదైతే రెండూ వృథా.

తిండి విషయమూ ఇక్కడికే చెందుతుంది. జబ్బుపడిన వృద్ధులకు రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అవసరమని పోషకాహార నిపుణులు సూచిస్తారు. మూత్రపిండాల జబ్బు ముదిరినవారికి ఈ లెక్క మారుతుంది. మిగతావారిలో యాభై కిలోల మనిషికి అది 60 గ్రాములకు తగ్గదు. ఒక గుడ్డులో ఉండేది సుమారు ఆరు గ్రాములే. బ్రెడ్డూ పాలతో ఈ లెక్క కుదరదు, పైగా జీవితమంతా జొన్న గటక, పప్పుచారు తిన్న నోటికి బ్రెడ్డు ఎక్కదు. మెత్తటి గటకలో పెరుగు, ముద్దపప్పు, గుడ్డు, తినేవారైతే చేపల పులుసు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చని, ఏ పూట ఎంతో కూతురికి నర్సు చెబితే, అది షుగర్ పట్టికలోనూ ఇముడుతుంది.

నిర్మాణ పరిరక్షణలో శస్త్రచికిత్స గాయం మీద అందరి దృష్టీ ఉంటుంది, మడమ మీద ఎవరి దృష్టీ ఉండదు. విరిగిన కాలిని కదపలేని మనిషి మడమ పరుపుకు ఒత్తుకునే ఉంటుంది. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదమైతే నొప్పి కూడా తెలియదు. పిక్క కింద దిండు పెట్టి మడమను గాలిలో ఉంచడం, వీలైనంతవరకు రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం, రెగ్జిన్ షీటు మీద చెమట నిలవకుండా నూలు దుప్పటి మార్చడం రోజువారీ పనులు. మే నెలలో వరంగల్‌లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఈ మూడోది మొదటిదవుతుంది. ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలు చర్మం ఎర్రబడటాన్ని తొలి గుర్తుగా చెబుతాయి. మన చామనఛాయ, నల్లటి చర్మం మీద ఆ ఎరుపు కనిపించకపోవచ్చు. చేయి పెట్టి చూడాలి: పక్క భాగం కన్నా వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగిలితే అక్కడ ఒత్తిడి దెబ్బ మొదలైనట్టే. అలాంటి చోట కొబ్బరినూనెతో గట్టిగా రుద్దడం బంధువులు సదుద్దేశంతో చేసే పని. కింద ఉన్న కణజాలం దానివల్ల ఇంకా నలుగుతుంది. రుద్దొద్దని మాత్రమే చెబితే వాళ్లు నర్సు కన్నుగప్పి రుద్దుతారు, ఎందుకో చెబితే మానేస్తారు.

వృద్ధుల విషయంలో అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది మతి భ్రమ, ఆసుపత్రి భాషలో డెలీరియం. అరిచి, గొట్టాలు పీక్కునే రోగి అందరికీ కనిపిస్తుంది. మౌనంగా, మగతగా, పిలిస్తే కాసేపు పలికి మళ్లీ జారిపోయే రోగిని 'మంచిగ పండుకుంది' అనుకుంటారు. 1990లో వచ్చిన క్యామ్ అనే పరీక్ష నాలుగు విషయాలు చూడమంటుంది: మార్పు హఠాత్తుగా వచ్చి, పూటకో తీరుగా మారుతోందా, ధ్యాస నిలుస్తోందా, మాట పొంతన తప్పుతోందా, స్పృహ స్థాయి మారిందా. మొదటి రెండూ ఉండి, చివరి రెంటిలో ఒకటున్నా డెలీరియంగా భావించి కారణం వెతకాలి.

కారణం వెతికేటప్పుడు లెవీన్ పరిసరాలను మూడుగా చూడటం చాలా ఉపయోగపడుతుంది. మొదటిది ఇంద్రియాలకు అందే పరిసరం. కళ్లద్దాలు బ్యాగులో, వినికిడి యంత్రం ఇంట్లో, రాత్రంతా ట్యూబులైటు కళ్లలో ఉంటే పగలో రాత్రో తెలియని మనిషికి మతి చెదరడంలో వింత లేదు. రెండోది ఇంద్రియాలకు అందకుండానే శరీరం మీద పనిచేసేది: క్రిములు, మందులు, రసాయనాలు. తెలంగాణలో దీనికింద తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న కల్లు. ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లు సాయంత్రం కల్లు తాగడం మామూలే. డయజెపామ్, ఆల్‌ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన శరీరానికి అది హఠాత్తుగా ఆగితే రెండు మూడు రోజుల్లో వణుకు, కలవరింత, మూర్ఛ రావచ్చు. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కల్తీ కల్లు సరఫరా ఆగినప్పుడు ఈ లక్షణాలతో ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు. ఆ అలవాటున్న వృద్ధురాలు ఆసుపత్రిలో చేరితే కల్లు ఆగిపోయినట్టే. కోడలి ముందు, పదిమందిలో అడిగితే 'లేదు బిడ్డా' అంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, తప్పుపట్టే స్వరం లేకుండా అడగాలి. మూడోది నమ్మకాల, భాషల, ఆచారాల పరిసరం. మతి చెదిరితే గాలి సోకిందని తాయెత్తు తెచ్చిన కుటుంబాన్ని కసురుకుంటే వాళ్లు రోగిని ఇంటికి తీసుకుపోయే ప్రమాదం ఉంది. గాయానికి తగలకుండా తాయెత్తు ఉండనిచ్చి, మందూ కొనసాగించడమే వివేకం.

బంధాల పరిరక్షణ గురించి తక్కువ చెప్పినా సరిపోతుంది, ఎందుకంటే తెలంగాణ పల్లె కుటుంబాల్లో రోగి ఒంటరిగా ఉండటం అరుదు. జరిగే పొరపాటు మరొకటి: చుట్టూ మనుషులుంటారు, మాటలన్నీ ఆమె తల మీదుగా నడుస్తాయి. పూర్తి స్పృహలో ఉన్న తల్లిని వదిలి, ఆపరేషన్‌కు ఒప్పుకోలు గల్ఫ్‌లోని కొడుకును ఫోన్‌లో అడుగుతారు. కొడుకుతో మాట్లాడటం అవసరమే. సంతకమో వేలిముద్రో పెట్టాల్సింది, దానికి ముందు తనకేం చేస్తారో వినాల్సింది ఆమె. 'పదకొండో బెడ్' అని పిలవడం మానితే అదీ ఈ సూత్రం కిందికే వస్తుంది. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కించుకునే పెద్దమనిషి ఇక్కడ తన గోలీలు ఏ రంగువో కూడా తెలియకుండా మింగాల్సి రావడం చిన్న అవమానం కాదు. 'కాలుచేతులు ఆడంగనే పోవాలె' అని మన పెద్దవాళ్లు అనుకోవడం వెనుక ఉన్న భయం చావు గురించి కాదు, ఇలా ఒకరి చేతుల్లో పడటం గురించి.

ఈ సిద్ధాంతం మీద ప్రధానమైన విమర్శ, అది ఆసుపత్రిలో ఉన్న రోగి ప్రస్తుత స్థితి చుట్టూనే తిరుగుతుందని, ఇంటికి వెళ్లాక సాగే సుదీర్ఘ సంరక్షణకు చాలదని. విమర్శ సబబే. మన వార్డుల వైపు నుంచి మరో అభ్యంతరం కూడా రావాలి: ఇద్దరు నర్సులు వార్డంతా చూసుకునే రాత్రి షిఫ్టులో ఇదంతా ఎవరు చేస్తారు? సిద్ధాంతం నర్సుల సంఖ్యను పెంచదు, పెంచాల్సింది ప్రభుత్వాలూ యాజమాన్యాలూ. ఉన్న కొద్ది సమయంలో ఏ పని ముందో మాత్రం అది చెప్పగలదు. పైన చెప్పిన ఉదాహరణలో పది నిమిషాల తెర ఏర్పాటు, సెలైన్‌కూ మూత్రపు ఇన్‌ఫెక్షన్‌కూ మతి భ్రమకూ తర్వాత పెట్టాల్సిన గంటలను మిగిల్చింది. ఒత్తిగిలించడం, తాగించడం వంటివి కూతురికి నేర్పవచ్చు. కానీ నేల మీద పడుకుని నాలుగు రాత్రులు నిద్రలేని ఆ కూతురి శక్తిని కూడా లెక్కలోకి తీసుకోకుండా పనులన్నీ అప్పగించడం సిద్ధాంతానికి విరుద్ధం. నర్సింగ్ విద్యార్థుల కేర్ ప్లాన్‌లలో నాలుగు సూత్రాలకు నాలుగు గడులు గీసి, ఒక్కోదాంట్లో రెండేసి వాక్యాలు నింపే అలవాటు ఉంది. గడుల మధ్య బాణాలు గీయమని అడిగితే ఆ విద్యార్థులకు లెవీన్ అర్థమవుతారు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెరిగింది, ఆపరేషన్ ఖర్చు భయం చాలా కుటుంబాలకు తగ్గింది. ఇంటి దగ్గరి సంరక్షణ భారం మాత్రం కోడలిదే. కాబట్టి డిశ్చార్జి నాడు మందుల చీటీతో పాటు నర్సు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి: మరుగుదొడ్డి ఇంటికి ఎంత దూరం, రాత్రి దారిలో లైటు ఉందా, గడప ఎంత ఎత్తు, కింద కూర్చునే దొడ్డే ఉంటే కమోడ్ కుర్చీ అద్దెకో కొనుగోలుకో దొరుకుతుందా. మొదటి తుంటి విరిగినవారికి రెండోది విరిగే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఎముకల బలానికి మందు మొదలైందో లేదో డాక్టర్‌ను అడిగి రాయాలి. ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఫోన్ నంబర్లు కూతురి చేత రాయించుకోవాలి. ఇవన్నీ కోడలికి చెప్పేటప్పుడు రోగి మంచం దగ్గరే, ఆమె వింటుండగా, మధ్యమధ్య 'నీకు కుదురుతదా పెద్దమ్మా' అని అడుగుతూ చెప్పాలి. పెరటి దొడ్డికి రాత్రి ఎలా వెళ్లాలో, పోకుండా మంచం పక్కన ఏం పెట్టుకోవాలో నిర్ణయించుకోవాల్సింది ఆమే.